అత్త లైటు, కోడలు లైటు

కెటిల్‌కి ముక్కుంది కాబట్టి కెటిలే నయం అనుకుంది. లైట్లు సర్దుకోవడానికి మొదట కూజా పెట్టి చూసింది, కింద స్టూడియోలో స్టూలు మీద రెండు దిండ్లు, దిండ్ల మీద కూజా, కానీ ముక్కు లేని మొహానికి నీడ ఎక్కడ పడాలో ఎలా తెలుస్తుంది, ముక్కు కింద నీడ చూడు, మిగతాదంతా అదే చెబుతుంది అనేవాడు కదా ఆయన. అందుకని కూజాని దింపి, మేడ మీదికెళ్ళి, వంటింట్లోంచి టీ కెటిల్ తెచ్చింది. తళతళలాడితే వెలుగు ఎగిరొచ్చి కళ్ళలో పడుతుందని దానికి చేతిగుడ్డ చుట్టింది. ఇప్పుడది జలుబు చేసి తలకి గుడ్డ కట్టుకున్న మనిషిలా ఉంది. పొడుగాటి ముక్కు, నీ మాట నేను వినేదేమిటి అన్నట్టు కాస్త పైకెత్తిన ముక్కు. అత్తగారి ముక్కుకీ దీనికీ పెద్ద తేడా లేదు. ఆ మాటకొస్తే ఆవిడ కొడుక్కీ అదే ముక్కు. ఈ ముక్క ఎవరితోనైనా అనాలనిపించింది, ఎవరితో అంటుంది, వినగానే నవ్వు ఆపుకోలేక కెమెరా వెనక తల దాచుకునే మనిషి లేడు. పైన బీరువా తలుపు కిర్రుమంది. మళ్ళీ మూసుకుంది, మళ్ళీ కిర్రుమంది. అంటే ఆవిడకి ఏం కట్టుకోవాలో ఇంకా తేలలేదన్న మాట. తేలకపోతేనే మంచిది, ఇక్కడ కెటిల్‌కే ఇంకా మొహం రాలేదు.

పొద్దున గిన్నెలు కడుగుతుంటే అత్తగారు వచ్చి గుమ్మంలో నిలబడింది. వచ్చి నిలబడిందంటే ఏదో ఉన్నట్టే, మామూలు పనులకైతే కుర్చీలోంచే కేక వేస్తుంది.

"సాయంత్రం ఆ దీపాలు తీసుకుపోతారట కదా."

"అవునత్తయ్యా. కాలేజీ నాటకాల వాళ్ళు బండి పంపిస్తామన్నారు."

"పోయేలోపు నా మొహం ఒకటి తీసిపెట్టు."

"నాకు రాదు కదత్తయ్యా."

"ఇన్నేళ్ళు ఆ స్టూలు మీద కూర్చుని ఏం చేశావు మరి?"

"కూర్చున్నాను."

"అదే నేననేదీ. ఆ మాత్రం గుర్తుండదా?" అని, వెళ్ళిపోతూ, గోడతో చెబుతున్నట్టు, "వాణ్ణి పెట్టినట్టు నన్ను కూడా కార్డులోంచి కత్తిరించి పెట్టకండి. మనిషన్నాక ఒక మొహం ఏడవాలి," అంది.

కత్తిరించి పెట్టింది నిజమే, ఏం చేస్తారు మరి, ఆయన పోయిన రోజు ఇంట్లో తలో సొరుగూ లాగి వెతికారు. ఈ వీధిలో ఏ ఇంటికి వెళ్ళినా గోడ మీద ఆయన తీసిన మొహం ఒకటైనా ఉంటుంది, దర్జీ వాళ్ళమ్మ, తాళాలు బాగుచేసే ఆయన తాతగారు, నర్సమ్మ నలుగురు అక్కచెల్లెళ్ళు, ఆయన మొహం మాత్రం ఆయన ఇంట్లో లేదు. పెళ్ళి ఫోటోలున్నాయి కదా అన్నారెవరో. ఉన్నాయి, ఆయనకి పని నేర్పిన గురువుగారే తీశారు, కానీ అన్నిట్లోనూ పెళ్ళికొడుకు పక్కకి తిరిగి గురువుగారు లైటు ఎక్కడ పెట్టారో చూస్తున్నాడు. పక్కన పెళ్ళికూతురు ఒక చెవిని పెళ్ళి చేసుకున్నట్టు నిలబడి ఉంది. చివరికి గుర్తింపు కార్డు దొరికింది. ఏదో ఆఫీసులో గుమాస్తా కుర్చీలోంచి లేవకుండా తీసిన ఫోటో, ఫ్లాష్ తిన్నగా మొహాన కొట్టి, చెంప ఎక్కడ తిరిగిందో ముక్కు ఎక్కడ లేచిందో తెలియకుండా, పళ్ళెంలో రెండు కళ్ళు పెట్టినట్టు, ఆ కళ్ళయినా సగం మూసి. దాన్ని పెద్దది చేయించారు. పెద్దది చేస్తే పళ్ళెం పెద్దదయింది. ఊళ్ళో వాళ్ళ దవడల కింద ఇంతింత నీడ పెట్టి, చెంపల మీద ముడతలు మాయం చేసి, బట్టతలల మీద మెరుపు తుడిచి, చిన్న కళ్ళని పెద్దవి చేసి బతికిన మనిషి అలా తెల్లగా, చదునుగా, నిద్రమొహంతో గోడెక్కాడు. కంట్లో చుక్క కూడా లేదు. కంట్లో లైటు చుక్క పడిందా లేదా చూడు, అది లేకపోతే బతికున్న మనిషి కూడా, అని అక్కడితో ఆపేసేవాడు, ఎదురుగా కూర్చున్నవాళ్ళు ఆ మిగతా మాట వినకూడదని. పోవడం కూడా బజారులో, మిట్టమధ్యాహ్నం, నడినెత్తిన ఎండలో పోయాడు. ఆయనకి అస్సలు పడని వెలుగు అది. కళ్ళ కింద గుంటలు పడతాయనేవాడు. పడ్డాయి.

పెద్ద దీపం స్టాండు మర బిగుసుకుపోయింది. పాత సామాను, ఇప్పుడందరూ వాడే చల్లని లైట్లు కావు, వెలిగిస్తే పొయ్యి పక్కన కూర్చున్నట్టుంటుంది, అందుకే కాలేజీ వాళ్ళు నాటకాలకి పనికొస్తాయన్నారు. కొత్తవి కొనండి మహాప్రభో అంటే, ఇవి వెచ్చగా ఉంటాయి, మనుషులు కాస్త కరుగుతారు అనేవాడు. కరగడం ఏమిటి, చెమటలు కారేవి. పొడుగ్గా, పైన, తెల్ల గొడుగు వేసుకుని నిలబడే ఈ దీపం అత్త. పొట్టిగా, దూరంగా, కెమెరాకి అవతలి పక్కన ఉండే రెండోది కోడలు. పెళ్ళయిన కొత్తలో ఆ పేర్లు విని, బాగుంది, కరెంటు సామానుక్కూడా తప్పలేదన్న మాట అంది ఆమె. ఆయన చాలా శ్రద్ధగా, పాఠం చెబుతున్నట్టు చెప్పాడు, చూడు, మొహం ఎటు తిరిగిందో చెప్పేది అత్త, అందుకే పైనుంచి చూస్తుంది, ఆవిడ ఒక్కతే ఉంటే మొహంలో సగం చీకటి, మనిషి దొంగలా కనబడతాడు, కోడలు వచ్చి ఆ చీకట్లో కాస్త కలిసి, ఇక్కడ కూడా చెంప ఉందండీ అని చెబుతుంది, అంతే, గట్టిగా చెప్పకూడదు, ఇద్దరూ సమానంగా అరిస్తే మొహం పళ్ళెం. కోడలు ఉన్నట్టు తెలియకూడదు, లేకపోతే తెలియాలి. అంతేనా నా ఉద్యోగం అంది. అంతేనా అంటావేమిటి, అదే కష్టం అన్నాడు. పొగిడాడో, మేడ మీదున్న అమ్మ తరఫున సర్దిచెప్పాడో ఇన్నేళ్ళయినా తేలలేదు, తేల్చుకుందామంటే ఇప్పుడు...

గొడుగు మాత్రం బాగానే విచ్చుకుంది. బెజ్జం పడితే కుట్టింది ఆమే, తెల్ల దారంతో, మేడ మీద గిన్నెలు ఆరబెట్టిన పక్కనే కూర్చుని. కింద ఎవరైనా ఫోటోకి వస్తున్నారంటే ఆయన కర్రతో కింది నుంచి పైకప్పుకి రెండు దెబ్బలు కొట్టేవాడు. ఆమె తడిచేతులు తుడుచుకుంటూ దిగివచ్చి స్టూలు మీద కూర్చునేది. ముసలివాళ్ళు ఎక్కువసేపు కూర్చోలేరు, పిల్లలు అసలే కూర్చోరు, అందుకని లైట్లన్నీ ఆమె మొహం మీద సర్దుకుని, సరిపోయాక, ఇక లే అనేవాడు. ఆమె లేచేది. అసలు మనిషి వచ్చి ఆ వెచ్చని చోట కూర్చునేది. అలా ఊరందరి మొహాలకీ ముందు ఆమె మొహం అరిగింది. నన్నొకటి తియ్యరాదూ అంటే, నీ మొహం నాకు కంఠతా వచ్చు, తీసేదేముంది అనేవాడు. ఈ మాటకి పొంగిపోయి మెట్లెక్కి, సగంలో ఆగి, ఇది పొగడ్తేనా అని అనుమానం వచ్చి, అన్నం అడుగంటుతున్న వాసనకి మళ్ళీ పరిగెత్తిన రోజులున్నాయి.

తల్లిని కూడా తియ్యలేదు. ఆవిడ ఏటా అడిగేది. ఏరా, ఊళ్ళో దిక్కుమాలిన మొహాలన్నీ తీస్తావు, నాదొకటి తియ్యరా. రేపు తీస్తాలే అమ్మా, ఇవాళ వెలుగు బాలేదు. వెలుగు బాలేదట. కిటికీ లేని గదిలో, మీట నొక్కితే వెలిగే దీపాల కింద, వెలుగు బాలేదు. ఆ గదికి మబ్బు పడుతుందా, వాన వస్తుందా అని భోజనాల దగ్గర ఆమె అడిగితే, నువ్వు మాట్లాడకు అనేది అత్తగారు, కొడుకుని వెనకేసుకొస్తూ, తన మీదే జోకు పడినట్టు. ఆ ఇంట్లో ఎక్కువగా వినబడిన మాట అదే, నువ్వు మాట్లాడకు. కూరలో ఉప్పు గురించి, చుట్టాల గురించి, ఆఖరికి వాతావరణం గురించి. అయినా ఆమె మాట్లాడేది, మాట్లాడితేనే కదా ఆవిడ అలా అనేది, ఆవిడ అంటేనే కదా ఆయన పళ్ళెంలోకి చూస్తూ నవ్వేది. తల్లిని ఎందుకు తియ్యలేదో ఆమెకి తెలుసు. ముసలివాళ్ళని ఒంటరిగా కూర్చోబెట్టి, మంచి బట్టలు కట్టించి, గడ్డం దించి తీసే ఫోటో ఎందుకో ఆయనకంటే ఎవరికి బాగా తెలుసు. ఊరందరికీ తీశాడు. ఇంట్లోకొచ్చేసరికి వెలుగు చాల్లేదు. వాయిదా వేస్తే తల్లి కూడా వాయిదా పడుతుందనుకున్నాడు కాబోలు. పడింది కూడా పాపం. తనదే ముందుకొచ్చింది.

సరే, పని. అత్త ఎడమ పక్కన. అది మాత్రం రాయి మీద గీత, అత్త ఎప్పుడూ ఎడమ, ఆమె ఎడమ చెంప చలికాలంలో కూడా వెచ్చబడేది, ఎండాకాలంలో మండిపోయేది, కొన్నాళ్ళు ఎడమ చెంప కుడిదానికంటే నల్లబడిందని అద్దంలో చూసుకుని దెబ్బలాడింది కూడా. అత్తని తీసుకెళ్ళి ఎడమ పక్కన నిలబెట్టింది, తల మీది నుంచి కాస్త కిందికి చూసేలా వంచింది. వయసైన మొహమైతే మరీ పక్కకి పంపకు, ముడతల మీద అడ్డంగా పడితే దున్నిన చేనులా ఉంటుంది, ముందుకి లాగు, కోడలికి ఇంకాస్త ధైర్యం ఇయ్యి అనేవాడు. ముందుకి లాగింది. కోడలికి ధైర్యమిచ్చి ఒక అడుగు దగ్గరికి తెచ్చింది. మీట నొక్కింది. కెమెరాలోంచి చూసింది. కెటిల్ కెటిల్ లాగే ఉంది. బాగానే ఉంది కానీ ఏదో బాలేదు. ముక్కు నీడ పడింది, పొడుగ్గా, కిందికి, ఆయన చెప్పినట్టే, అయినా పరాయి ఇంట్లో నిద్ర లేచినట్టుంది, తలుపు ఉండాల్సిన చోట గోడ ఉన్నట్టు. తలెత్తి చుట్టూ చూసింది. గోడల నిండా ఆయన తీసిన మొహాలు, దర్జీ, నర్సు, రైలు డ్రైవరు, కొత్త దంపతులు, అందరి నీడలూ ఒక పక్కకి పడి ఉన్నాయి. కెటిల్ నీడ ఒక్కటే రెండో పక్కకి పడింది. గోడ మీద వాళ్ళందరిదీ ఒక ఇల్లు, కెటిల్‌ది ఎదురిల్లు.

లైటు ఎడమనే పెట్టింది కదా. నిలబడి, చేతులు రెండూ చాచి, ఇది ఎడమ, ఇది కుడి అని చిన్నపిల్లలా చూసుకుంది. అప్పుడు తట్టింది. నవ్వొచ్చింది, నవ్వు సగంలో ఎక్కడో ఇరుక్కుంది. ఆమె ఎడమ అంటే స్టూలు మీది ఎడమ. ఇక్కడ, కెమెరా వెనక, అది కుడి. ఇన్నేళ్ళలో ఆమె ఇటువైపు ఒక్కసారి కూడా నిలబడలేదు. ఆయన మాత్రం ఎప్పుడూ కూర్చున్నవాళ్ళ ఎడమనే ఎడమ అనేవాడు, ఎడమకి తిరగండి అంటే వాళ్ళ ఎడమ, అలా అలవాటై ఆయన సొంత ఎడమ కుడులు ఎటో పోయాయి. వీధిలో ఎవరైనా దారి అడిగితే ఎదుటివాళ్ళు నిలబడ్డ వైపు నుంచి ఆలోచించి, వాళ్ళు ఈలోపు తిరిగి నిలబడితే మళ్ళీ మార్చి, చివరికి ఎటూ కాని దారి చెప్పి పంపేవాడు. స్టేషనుకి వెళ్ళాల్సినవాళ్ళు చెరుకు మిల్లు దగ్గర తేలి వెనక్కొచ్చి తిట్టిపోసేవాళ్ళు. దారి చెప్పకండి, దణ్ణం పెడతాను, అంటే, వాళ్ళ వైపు నుంచి సరిగ్గానే చెప్పానే అనేవాడు బాధగా. ఎప్పుడూ అవతలివాళ్ళ వైపు నుంచే. తన వైపు అంటూ ఒకటుందని మరిచిపోయిన మనిషి.

అత్తని కుడికి, కోడల్ని ఎడమకి మార్చింది, తీగలు కాళ్ళకి చుట్టుకుంటే విడదీసుకుంది. ఇక కళ్ళతో లాభం లేదనిపించింది. కళ్ళకి తెలిసిందేముంది, వెలుగు ఎలా ఉంటుందో కళ్ళకి ఎప్పుడూ తెలియలేదు, చెంపలకి తెలుసు. కెటిల్‌ని, దిండ్లని నేల మీదికి దించి, తనే స్టూలెక్కి కళ్ళు మూసుకుంది. ఎడమ చెంప చల్లగా ఉంది, దవడ వెచ్చగా ఉంది, అంటే అత్త బాగా కిందికి దిగింది. లేచి మర తిప్పి పైకి లేపింది, వచ్చి కూర్చుంది, కళ్ళు మూసుకుంది. ఇప్పుడు నుదురు కాలుతోంది. మళ్ళీ లేచింది. వంటలో ఉప్పు చూసినట్టు, కాస్త, ఇంకాస్త, అయ్యో ఎక్కువైంది. ముందు చెంప ఎముక మీద వెచ్చదనం రావాలి, తర్వాత ముక్కు పక్కన, కనురెప్ప మీద అరచెయ్యి ఆనించినట్టు ఉండాలి. కుడి పక్కన మాత్రం ఎవరో పక్క గదిలో దీపం పెట్టుకుని కూర్చున్నట్టు, అంతే. మరోసారి లేచి కోడల్ని వెనక్కి జరిపింది. వచ్చి కూర్చుంది.

వచ్చేసింది. చెంప గుర్తుపట్టింది. ఇదే, అచ్చం ఇదే, గడ్డం కొంచెం దించు అనే ముందు ఉండే వెచ్చదనం. ఊళ్ళో కుర్రాళ్ళు గడ్డం మాస్టారనేవాళ్ళు ఆయన్ని, ఒక్క వెంట్రుక కూడా పెంచని మనిషిని, నోరు తెరిస్తే గడ్డం దించండి, గడ్డం ఎత్తండి అంటాడని. ఆమె గడ్డం దానంతటదే దిగింది. కళ్ళు తెరిచింది.

ఎదురుగా రెండు తెల్లని మంటలు, వాటి మధ్య చీకటి. అంతే కనబడేది ఎప్పుడూ. ఆ చీకట్లో ఎక్కడో ఆయన, కాళ్ళ చప్పుడు, మర కిచకిచ, గొంతు సవరింపు. పని చేసుకుంటున్న ఆయన మొహం ఆమె ఒక్కసారి కూడా చూడలేదు, చూడాలని కళ్ళు చికిలిస్తే, చికిలించకు అనేవాడు. ఇప్పుడూ అంతే, రెండు మంటలు, చీకటి. ఇక్కడి నుంచి చూస్తే ఏమీ మారలేదు. మేడ మీద కుర్చీ ఖాళీగా ఉంది, మంచంలో సగం ఖాళీగా ఉంది, వాకిట్లో చెప్పులు లేవు, అన్నిచోట్లా లేడని తెలుస్తోంది, ఈ ఒక్క స్టూలు మీద తెలియడం లేదు. ఎవరైనా ఉండొచ్చు అవతల. కర్ర గోడకి చేరేసి, తల పక్కకి వాల్చి, కంట్లో చుక్క పడిందా లేదా అని చూస్తూ ఉండొచ్చు. ఆమె ఊపిరి నెమ్మదిగా తీసింది, కదిలితే చెదిరిపోతుందేమోనని. ఇక లే అని ఎవరూ అనలేదు. అనకపోతే లేవడం ఎలాగో ఆమెకి రాదు.

మెట్ల మీద చప్పుడైంది. ఒక్కొక్క మెట్టు, రెండు కాళ్ళూ కూడదీసుకుని, మళ్ళీ ఒక మెట్టు. ఆమె గబుక్కున లేచి మొహం తుడుచుకుంది. అత్తగారు తల నున్నగా దువ్వుకుని, ఆకుపచ్చ శాలువా కప్పుకుని, గోడ పట్టుకుని వచ్చింది. వచ్చీ రావడంతోనే కిందికి చూసింది.

"ఈ కెటిలెందుకిక్కడ?"

"ఇప్పటిదాకా మీ బదులు అదే కూర్చుందత్తయ్యా."

"నా బదులా? దాని ముక్కు చూడు!"

"ముక్కు చూసే తెచ్చాను."

"నువ్వు మాట్లాడకు," అంది అత్తగారు.

అని, ఆగిపోయింది. ఆయన పోయాక ఆ ఇంట్లో ఆ మాట వినబడడం ఇదే మొదటిసారి. మాట్లాడితే కదా మాట్లాడకు అనడానికి. ఆమె చెయ్యి పట్టుకుని ఆవిడని స్టూలు మీద కూర్చోబెట్టింది, శాలువా భుజం మీద సర్దింది. కోడలి చేతిలో ఆవిడ చెయ్యి పిట్టంత తేలిగ్గా ఉంది.

"అబ్బా, కళ్ళు పోతున్నాయే. ఏమీ కనబడ్డం లేదు."

"అంతేనత్తయ్యా. కాసేపటికి అలవాటవుతుంది."

"నువ్వెక్కడున్నావు?"

"ఇక్కడే."

కెమెరాలోకి చూసింది. చూసి, కన్ను తీసేసి, మళ్ళీ పెట్టింది. ముడతలు ఎటు పోయాయో పోయాయి. అత్త పైనుంచి వచ్చి చెంప ఎక్కడ తిరగాలో చెప్పింది, కోడలు ఆ పక్క నీడలో చెయ్యి వేసి ఊరుకుంది, ముక్కు నిటారుగా, నిదానంగా లేచింది, దాని కింద నీడ పెదవి దగ్గర ఆగింది. ఆ ముక్కు, ఆ చెంప, నుదుటి మీద ఆ మలుపు. ఇన్నేళ్ళూ ఈ వెలుగుకి వెనక నిలబడ్డ మొహం ఇవాళ వెలుగులోకి వచ్చి కూర్చుంది. ఎవరూ తియ్యని ఫోటో, సొరుగులన్నీ లాగినా దొరకని ఫోటో, ఆకుపచ్చ శాలువా కప్పుకుని. ఆమె వేలు కెమెరా మీట మీదే ఉండిపోయింది.

అత్తగారి చూపు కెమెరా వైపు లేదు. దానికి పైన ఉంది. కోడలి తలకి కూడా పైన, ఒక పొడుగాటి మనిషి మొహం ఉండాల్సిన ఎత్తులో, చీకట్లోకి.

"ఏరా," అంది ఆవిడ, చాలా మామూలుగా, "ఇవాళైనా బాగుందా వెలుగు?"

గదిలో దీపాలు సన్నగా గుయ్యిమంటున్నాయి. వీధిలో బండి వచ్చి ఆగింది. హారన్ మోగింది, కాలేజీ వాళ్ళు. ఎవరో తలుపు తట్టారు.

"అత్తయ్యా, వాళ్ళు..."

"నువ్వు మాట్లాడకు," అంది అత్తగారు. విసురు లేదు ఆ మాటలో. బతిమాలుతున్నట్టుంది. "కాసేపు మాట్లాడకే."

ఆవిడ గడ్డం ఎవరూ చెప్పకుండానే కొంచెం దిగింది. కళ్ళలో చుక్కలు పడ్డాయి, చిన్నవి, తెల్లవి, కంటికొకటి. చూస్తుండగానే వణికాయి, పెద్దవయ్యాయి. బయట మళ్ళీ తలుపు తట్టారు. చూపుకి అడ్డం రాకుండా ఆమె కెమెరా వెనక ఇంకాస్త కిందికి వంగింది. ఊపిరి బిగబట్టి, ఉన్నట్టు తెలియకుండా, మీట నొక్కింది.